వన్‌టౌన్ టోకు బజారు, పోలీస్ స్టేషన్: ఒక వీధి కేస్ స్టడీ

విజయవాడ వన్‌టౌన్‌లో టోకు బట్టలు, ఫ్యాన్సీ సరుకు అమ్మే వీధి ఇది. అరవై లోపు కొట్లు, వాటి వెనక గోడౌన్లు, రెండు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, ఒక బ్యాంకు శాఖ, మలుపుల్లో టీ బండ్లు ఉన్నాయి. వీధి పేరు రాయడం లేదు. ఏ కెమెరా ఎటు చూస్తుందో, ఏ మిద్దె మీంచి ఏ మిద్దెకు దారి ఉందో చెప్పేచోట పేరు కూడా రాస్తే ఇది దొంగకే ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడి వ్యాపారం నడిచే తీరు తెలిస్తేనే నేరం జరిగే తీరు అర్థమవుతుంది. తెనాలి, గుడివాడ, మచిలీపట్నం, నూజివీడు, జగ్గయ్యపేట వైపు చిల్లర వర్తకులు పొద్దున్నే బస్సో రైలో దిగి, కొట్లు తెరిచే వేళకు వీధిలో ఉంటారు. వాళ్ల దగ్గర నగదు ఉంటుంది. కొన్న సరుకును బేళ్లుగా కట్టి ముఠా కూలీలు (జట్టుగా పనిచేసే హమాలీలు) ట్రాన్స్‌పోర్టుకు మోస్తారు. మధ్యాహ్నం గుమాస్తాలు బ్యాంకుకు వెళ్తారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి షట్టర్లు దిగుతాయి, పది దాటాక వీధిలో కుక్కలు తప్ప మనిషి ఉండడు. ఆషాఢం అమ్మకాలకు, దసరాకు, సంక్రాంతికి రద్దీ పెరుగుతుంది. అప్పుడు కొట్లో ఎవరు కొనేవాళ్లో ఎవరు ఊరికే నిలబడ్డవాళ్లో యజమానికే తెలియదు.

ముందు కాగితం, తర్వాతే కెమెరా

వర్తక సంఘం, స్టేషన్ కలిసి కూర్చున్న తొలి సమావేశంలో కొట్లవాళ్లంతా కెమెరాల గురించే మాట్లాడారు. సీఐ మాత్రం ఇంకొకటి అడిగారు. ఏడాదిలో ఈ వీధిలో పోయినవన్నీ, ఫిర్యాదు చేసినవీ చెయ్యనివీ కలిపి, ఒక కాగితం మీద రాసుకు రమ్మన్నారు. రోజు, వేళ, చోటు, ఏం పోయింది, ఎలా పోయింది, ఎవరికి చెప్పారు అని ఆరు గళ్లు. ఎంత పోయిందన్న గడి పెట్టలేదు. అది పెట్టి ఉంటే సగం మంది రాసేవారు కారు.

మొత్తం పనిలో ఎక్కువ ఫలితమిచ్చింది ఆ కాగితమే. షట్టరు పగలగొట్టి చేసే దొంగతనాలంటే అందరికీ భయం గానీ, అవి అరుదు. తరచుగా పోతున్నవి పగటిపూట, జనం మధ్య పోతున్నాయి. లోడింగ్ వేళ మాయమయ్యే బేలు, బ్యాంకు దారిలో స్కూటరు డిక్కీలోంచి పోయే సంచి, ఫోన్‌లో చూపించిన దొంగ చెల్లింపు, ఇలాంటివి. అందులో చాలావాటికి ఫిర్యాదే లేదు.

ఫిర్యాదు ఎందుకు ఇవ్వలేదంటే మొదట చెప్పే కారణం స్టేషన్ చుట్టూ తిరగలేమని. అసలు కారణం చాలాసార్లు లెక్కల్లో ఉంటుంది. ఒకే వ్యక్తి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధన 2017 ఏప్రిల్ నుంచి ఉంది. పోయిన మొత్తం అంతకు మించితే, ఫిర్యాదులో తక్కువ రాయడమో అసలు ఫిర్యాదే మానుకోవడమో జరుగుతుంది. దీని నష్టం తర్వాత తెలుస్తుంది. దొంగల ముఠా దొరికి డబ్బు రికవరీ అయినప్పుడు, ఫిర్యాదులో రాసిన మొత్తం కంటే ఎక్కువ తనదని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. బిల్లు లేని సరుకు సంగతీ అంతే. స్వాధీనం చేసుకున్న సొత్తు తాత్కాలికంగా ఇప్పించమని కోర్టులో పిటిషన్ వేసినప్పుడు మొదట అడిగేది అది తమదే అని చూపించే కాగితం. కాబట్టి ఎఫ్ఐఆర్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించుకోవడం వర్తకుడి సొంత లాభానికే. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం చెయ్యాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ చెప్పేది ఇదే. ఈ పేరాలో ఉన్నదంతా ఒక కాగితం మీద అచ్చు వేయించి ప్రతి గల్లా పెట్టె పక్కన అంటించారు.

ముఠా కూలీలు

బేలు మాయమవడం ఎలా జరిగేదో దగ్గర్నుంచి చూస్తే గానీ అర్థం కాలేదు. కొట్టు ముందు ఆరు బేళ్లు పేర్చి ఉంటాయి. గుమాస్తా లోపల బిల్లు రాస్తుంటాడు. కూలీ రెండు బేళ్లు తోపుడు బండి మీద వేసుకుని వెళ్తాడు. అతను తిరిగొచ్చేలోగా, తలకు తువ్వాలు చుట్టుకున్న ఇంకో మనిషి వచ్చి ఒక బేలు భుజాన వేసుకుని అదే దారిలో నడుస్తాడు. బేలు మోసే మనిషిని ఈ వీధిలో ఎవరూ ఆపరు. ట్రాన్స్‌పోర్టు దగ్గర ఒకటి తక్కువ వచ్చిందని తేలేసరికి సాయంత్రం అవుతుంది, తప్పు కూలీ మీద పడుతుంది. కూలీల మీద అనుమానంతో మొదలైన తగాదాలు ముఠా పనే ఆపేసేదాకా వెళ్లాయి.

దీనికి పరిష్కారం ముఠా మేస్త్రీ నుంచే వచ్చింది. ముఠాలో ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ల, చొక్కా జేబుకు కనిపించేలా. కొట్టు గుమస్తా బేలు అప్పగించేటప్పుడు చీటీ మీద బిళ్ల నంబరు వేస్తాడు. బేలు రెండు పక్కలా ఎల్ఆర్ (ట్రాన్స్‌పోర్టు రసీదు) నంబరు, బేళ్ల వరస పెద్ద అక్షరాలతో రాస్తారు: 6లో 1, 6లో 2 అలా. బిళ్ల లేని భుజం మీద బేలు కనిపిస్తే మేస్త్రీ మనుషులే ఆపి ఏ కొట్టుదని అడుగుతారు. అంతకంటే ఏమీ చెయ్యరు. జవాబు తేడాగా ఉంటే 112కు ఫోన్.

ఈ వీధిలో ఎవరు కొత్తవాళ్లో పోల్చుకోగలిగిన కళ్లు కూలీలవీ టీ బండి వాళ్లవీ. పొద్దున్నుంచి రాత్రిదాకా వీధిలోనే ఉండేది వాళ్లే. సంఘాల సమావేశాలకు సాధారణంగా వాళ్లను పిలవరు. ఇక్కడ మేస్త్రీని సమావేశంలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అది మర్యాద కోసం చేసినా మేలే జరిగేది, అవసరం కోసం చేశారు కాబట్టి నిలబడింది.

షట్టరు

రోలింగ్ షట్టరు బలమంతా దాని అంచుల్లో ఉంటుంది, బలహీనత నడుమ ఉంటుంది. రెండు చివర్లా తాళాలు వేసి వదిలేసిన షట్టరును, నడిమధ్య కింద ఇనుప రాడ్డో కారు జాకీయో పెట్టి ఎత్తితే పట్టీ విల్లులా వంగి మనిషి దూరేంత సందు వస్తుంది. తాళాలు అలాగే ఉంటాయి. తాళం కత్తిరించే శబ్దం కూడా ఉండదు. వెడల్పాటి షట్టరైతే ఇంకా సులువు.

చేయించిన మార్పులు మూడు. కింది పట్టీకి లోపలి వైపు పొడవునా ఇనుప యాంగిల్ బిగించారు. మధ్యలో నేలలోకి దిగే సెంట్రల్ లాక్ పెట్టారు. షట్టరు లోపల అయస్కాంతపు సెన్సరు, దానికి సిమ్ ఉన్న డయలరు (అలారం మోగగానే ఫోన్ చేసే పెట్టె). సెన్సరు విషయంలో చాలా కొట్లు పొరపడిన చోటు ఒకటుంది. షట్టరుకు ఒక చివరే అయస్కాంతం పెట్టారు. నడుమ ఎత్తినప్పుడు చివర కదలదు కాబట్టి అలారం మోగదు. అయస్కాంతం నడుమే ఉండాలి. లారీ వెళ్లినప్పుడల్లా షట్టరు అదురుతుంది కాబట్టి అదురు పట్టే సెన్సరును ఈ వీధిలో వాడలేదు. వారానికి రెండుసార్లు ఉత్తుత్తినే మోగిన అలారాన్ని మూడో వారానికి ఎవరో ఒకరు పీకేస్తారు.

రాత్రి కట్టేసే వేళ పద్ధతి: గల్లా పెట్టె ఖాళీ చేసి, సొరుగు తెరిచి బయటికి లాగి వదిలెయ్యాలి. లోపల ఒక లైటు వెలుగుతూ ఉండాలి. బీటు కానిస్టేబుల్ సందులోంచి చూస్తే లోపల మనిషి ఉన్నాడో లేదో తెలియాలి. వెనక వైపు ఎగ్జాస్ట్ ఫ్యాను కంత, మరుగుదొడ్డి వెంటిలేటరు, సిమెంటు రేకుల కప్పు, ఈ మూడూ చూసి మరీ తాళం వెయ్యాలి. మారు తాళం చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఒక పుస్తకంలో ఉండాలి. పని మానేసిన గుమాస్తా దగ్గర చెవి ఉండిపోతే తాళమే మార్చాలి, చెవి తిరిగి ఇచ్చినా సరే.

పొద్దున వచ్చేసరికి షట్టరు వంగి కనిపిస్తే ఎవరికైనా చెయ్యాలనిపించేది లోపలికి పరుగెత్తడం. అంతకంటే నష్టం చేసేది, రోజూలాగే నీళ్లు చల్లి ఊడ్చేసి, దేవుడికి అగరొత్తి వెలిగించి, ఆ తర్వాత ఫోన్ చెయ్యడం. క్లూస్ టీమ్ వచ్చేసరికి వేలిముద్రలు, అడుగుజాడలు ఏవీ మిగలవు. షట్టరు, తాళం, గల్లా ముట్టుకోకూడదు. పక్క కొట్టువాణ్ణి కాపలా నిలబెట్టి, 112కు చెప్పి, బయటే ఉండాలి.

కెమెరాలు: ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎన్ని రోజులు

పోగొట్టుకున్నవాళ్లు చూపించిన ఫుటేజీలో ఒకే లోపం మళ్లీ మళ్లీ కనిపించింది. మనిషి కనిపిస్తాడు, ఎవరో తెలియదు. కారణం లెన్సు. నిఘా కెమెరాలకు 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 ప్రకారం కొత్త మనిషి ముఖాన్ని అనుమానం లేకుండా పోల్చుకోవాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలి. తెలిసిన మనిషేనా అని చూసుకోవడానికి 125 చాలు. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ వెడల్పు 1,920 పిక్సెళ్లు. 1,920ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల పైచిలుకు. అంటే ఆ కెమెరా ఏడున్నర మీటర్లకు మించిన వెడల్పు చూపిస్తున్న చోట ముఖం ఆనవాలుకు పనికిరాదు. మార్కెట్లో ఎక్కువగా అమ్మే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 3 మీటర్ల దూరానికే ఆ హద్దు దాటేస్తుంది. 6 మిల్లీమీటర్ల లెన్సుతో ఏడు మీటర్ల దాకా, 12తో పదిహేను దాటి వస్తుంది.

అందుకని వీధంతా కనిపించే కెమెరాలు తక్కువ పెట్టి, మనిషి తప్పనిసరిగా దాటే ఇరుకు చోట్ల 6, 12 మిల్లీమీటర్ల లెన్సులు పెట్టారు. వీధి రెండు మొనలు, బ్యాంకు గుమ్మం, ట్రాన్స్‌పోర్టు వాకిలి, వెనక సందు మూల. ఎత్తు రెండున్నర నుంచి మూడు మీటర్లు. పై అంతస్తు గోడకు పెడితే కెమెరా భద్రంగానే ఉంటుంది గానీ టోపీలూ నెత్తులూ తప్ప ముఖాలు రావు. వాహనాల నంబర్లకు వేరే కెమెరా కావాలి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో మామూలు కెమెరాకు నంబరు ప్లేటు తెల్లటి ముద్దగా కనిపిస్తుంది. కెమెరా షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, అంతకంటే వేగంగా పెట్టి, కోణం 30 డిగ్రీలు దాటకుండా చూస్తేనే అంకెలు వస్తాయి.

2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చర్యల అమలు చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది, లేదా రోజు మొత్తంలో 500 మంది వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలి. పెద్ద కొట్లకు ఇది వర్తిస్తుంది. వీధి మొత్తానికీ అదే 30 రోజులు కొలతగా తీసుకున్నారు. లెక్క ఇలా: సెకనుకు 2 మెగాబిట్లు రాసే ఒక కెమెరాకు రోజుకు 21.6 జీబీ, 30 రోజులకు 648 జీబీ. ఎనిమిది కెమెరాలకు దాదాపు 5.2 టీబీ అవుతుంది కాబట్టి 6 టీబీ డిస్క్, అదీ రోజంతా రాయడానికి తయారైన నిఘా రకం. అప్పటిదాకా చాలా కొట్ల డీవీఆర్‌లలో (కెమెరా ఫుటేజీ దాచే యంత్రాల్లో) 1 టీబీ డిస్కులే ఉన్నాయి. వారం లోపే పాతది చెరిగిపోతోంది. సరుకు తక్కువ వచ్చిందని ఊరి వర్తకుడు పది రోజుల తర్వాత చెప్పేసరికి చూడటానికేమీ మిగిలేది కాదు.

డీవీఆర్‌ను గల్లా పక్కనే పెట్టడం ఇంకో పొరపాటు. దొంగ పోతూపోతూ దాన్నీ పట్టుకుపోతాడు. పైన, తాళం ఉన్న ఇనుప పెట్టెలో, యూపీఎస్‌తో ఉండాలి. బిగించిన టెక్నీషియన్ పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉండకూడదు. ఎన్ని కొట్ల తలుపులు ఆ ఒక్క పాస్‌వర్డుతో తెరుచుకుంటాయో లెక్క వేసుకుంటే చాలు.

ఇక నిర్వహణ. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు లెన్సు ముందు సాలెగూడు తెరలా మెరిసి బొమ్మంతా కప్పేస్తుంది. బేళ్ల దూది దుమ్ము నెలలోనే గాజు మీద పొర కడుతుంది. ఎండాకాలం టార్పాలిన్లు కడతారు. అన్నిటికంటే ఎక్కువగా కెమెరాలను గుడ్డివి చేసేవి ఫ్లెక్సీలు. పండగకు, పుట్టినరోజుకు, నాయకుడి రాకకు కట్టిన ఫ్లెక్సీ నేరుగా వీధి మొన కెమెరాకు అడ్డం పడుతుంది. కెమెరా పనిచేస్తూనే ఉంటుంది, నెల రోజులు ఫ్లెక్సీ వెనక గుడ్డనే రికార్డు చేస్తుంది. అందుకే రోజూ పొద్దున ఒక మనిషి ఒక్కో కెమెరా బొమ్మ ఫోన్‌లో తెరిచి చూసి, పుస్తకంలో టిక్కు పెట్టి సంతకం చేస్తాడు. ఐదు నిమిషాల పని. ఆ మనిషికి జీతంలో ఆ పని పేరు ఉంది, అందుకే అది జరుగుతోంది. అందరూ చూస్తారులే అని వదిలినన్నాళ్లూ ఎవరూ చూడలేదు.

ఫుటేజీ సాక్ష్యంగా నిలవాలంటే

ఇక్కడ సహకారం ఎక్కువగా చెడిపోతుంది. దొంగ కనిపించిన ముక్కను టీవీ తెర మీంచి ఫోన్‌తో వీడియో తీసి వాట్సాప్‌లో పంపుతారు. వెతకడానికి అది పనికొస్తుంది. కోర్టుకు పనికిరాదు. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది, అసలు ఫైలులో ఉన్న వివరాలు పోతాయి.

భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. దానికి రెండు భాగాలు. మొదటిది యంత్రం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు ఇచ్చేది, అంటే కొట్టు యజమానో మేనేజరో. రెండోది నిపుణుడు ఇచ్చేది. ఫైలు హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీశారో అందులో రాయాలి. హ్యాష్ అంటే ఆ ఫైలుకు మాత్రమే వచ్చే అక్షరాల వరస. ఫైలులో ఒక్క చుక్క మారినా అది మారిపోతుంది.

వీధిలో అమలు చేసిన క్రమం ఇది. సంఘటన తెలియగానే ముందు డీవీఆర్ గడియారం, సెల్‌ఫోన్ గడియారం పక్కపక్కనే వచ్చేలా ఫోటో తీస్తారు. డీవీఆర్ గడియారాలు నిమిషాల కొద్దీ తప్పు చూపిస్తాయి. ఒకే క్షణానికి ఒక కొట్టు కెమెరాలో 2:10, ఎదుటి కొట్టు కెమెరాలో 2:17 అని ఉంటే, రెండింటిలో ఉన్నది ఒకే మనిషి కాదని వాదించే వీలు చిక్కుతుంది. ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్న యంత్రాలన్నిటికీ సమయం దానంతటదే సరిచేసుకునే అమరిక పెట్టారు, అయినా ఫోటో మానలేదు. తర్వాత సంఘటనకు ముందు ఒక గంట, తర్వాత ఒక గంట కలిపి, యంత్రం అసలు ఫార్మాట్‌లోనే, దాని ప్లేయర్‌తో సహా కొత్త పెన్‌డ్రైవ్‌లోకి తీస్తారు. ముందు గంట ముఖ్యం. రెక్కీకి వచ్చినప్పుడు ముఖానికి గుడ్డ ఉండదు. పోలీసులు రాతపూర్వకంగా అడిగి, మధ్యవర్తుల సమక్షంలో తీసుకుని, రసీదు ఇస్తారు. డీవీఆర్‌నే స్వాధీనం చేసుకుంటే కొట్టు రోజుల తరబడి కెమెరా లేకుండా ఉండాలి. అందుకే సంఘం దగ్గర ఒక ఖాళీ డీవీఆర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దీని ఖర్చు చిన్నదే. అది లేనప్పుడు మాత్రం, యంత్రం పోతుందన్న భయంతో కొట్లవాళ్లు "ఆ రోజు కెమెరా పనిచెయ్యలేదండీ" అనేవారు.

వాట్సాప్ గ్రూపు

గ్రూపు మొదలైన కొత్తలో శుభోదయం బొమ్మలతో నిండిపోయింది, తర్వాత అనుమానితుల ఫోటోలతో. రెండోది ప్రమాదకరం. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకు తెలుగు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. ఒక కొట్లో ధర నచ్చక ఖాళీ చేతులతో వెళ్లిన ఆడమనిషి ఫోటో కింద "జాగ్రత్త" అని రాస్తే ఆమెకు జరగగల కీడు మాటల్లో చెప్పేది కాదు.

గ్రూపు రెండుగా విడగొట్టారు. మొదటి దాంట్లో స్టేషన్ నుంచి ఎస్సై మాత్రమే రాస్తారు, కొట్లవాళ్లు చదువుతారు. రెండో దాంట్లో కొట్లవాళ్లు రాయొచ్చు, కానీ జరిగింది రాయాలి, అనుమానం రాయకూడదు. చోటు, వేళ, ఏం జరిగింది, ఎటు వెళ్లారు, బట్టల రంగు, బండి నంబరు. కులం, మతం, ఊరు, భాష రాయకూడదు. ఫోటో నేరుగా ఎస్సైకే పంపాలి. ఆయన సరే అంటేనే గ్రూపులోకి. ఇది తప్పిన వాళ్లను ఒకసారి హెచ్చరించి రెండోసారి తీసేస్తారు, సంఘం పెద్దలైనా సరే. ఇంకొక మాట రోజూ గుర్తు చెయ్యాల్సి వచ్చింది: జరుగుతున్న నేరాన్ని గ్రూపులో రాయకూడదు. ఆ క్షణంలో ఫోన్ 112కే. గ్రూపు మెసేజి ఎస్సై ఎప్పుడు చూస్తారో ఎవరికీ తెలియదు, 112కు చేస్తే దగ్గర్లో ఉన్న బ్లూ కోల్ట్స్ (పోలీసు గస్తీ) బండి కదులుతుంది.

దొంగను జనమే పట్టుకున్నప్పుడు ఏం చెయ్యాలన్నదీ రాసిపెట్టారు. కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం (బెయిలు హక్కుగా రానిది, వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చెయ్యగలిగేది) చేసినవాణ్ణి మామూలు పౌరుడు పట్టుకోవచ్చు. కానీ ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని సురక్ష సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. స్తంభానికి కట్టెయ్యడం, కొట్టడం నేరాలు, వీడియో తీసి పెట్టడమూ కూడదు. కొట్టిన దెబ్బలు కనిపిస్తే దొంగతనం కేసు కూడా బలహీనపడుతుంది.

బ్యాంకు దారి, ఫోన్ చెల్లింపు

దృష్టి మళ్లించే ముఠాలు బ్యాంకు లోపలే మొదలుపెడతాయి. ఒకడు క్యూలో నిలబడి ఎవరు ఎంత తీసుకున్నారో చూస్తాడు. బయట ఇంకొకడు స్కూటరు టైరులో మేకు దించుతాడు. రెండు వీధులు దాటాక గాలి పోతుంది. సాయం చేస్తున్నట్టు వచ్చినవాడు మాట కలుపుతుంటే మూడోవాడు డిక్కీ తెరుస్తాడు. పది రూపాయల నోట్లు కింద పారేసి మీవేనా అనడం, చొక్కా మీద ఏదో చల్లి మరక పడిందనడం, పోలీసులమని చెప్పి ముందు గొడవలున్నాయి నగలు తీసి మూట కట్టుకోమనడం, అన్నీ ఒకే ఎత్తు. మనిషి చెయ్యి సంచి మీంచి లేచే రెండు సెకన్లు కావాలి వాళ్లకు.

నగదుకు ఇద్దరు వెళ్తారు. వేళ రోజూ మారుతుంది. డిక్కీలో డబ్బు పెట్టకూడదన్నది ఇక్కడ మినహాయింపు లేని నియమం. గాలి పోయినా బండి ఆపకుండా తెలిసిన కొట్టుదాకా నడిపించుకెళ్లాలి. టైరు పోతే పోనీ. బ్యాంకు మేనేజరుతో మాట్లాడి కౌంటరు ముందు నిరీక్షణ వరుసను వెనక్కి జరిపించారు, పక్కవాడికి నోట్ల కట్టలు కనిపించకుండా.

ఫోన్ చెల్లింపుల్లో మోసం రెండు రకాలు. ఒకటి, కొనుగోలుదారు తన తెర మీద డబ్బు వెళ్లినట్టు చూపిస్తాడు. అలాంటి తెర తయారుచేసే దొంగ యాప్‌లున్నాయి. మన ఖాతాలో, మన ఫోన్‌లో పడితేనే సరుకు కదలాలి. రెండోది, రాత్రి పూట కొట్టు బయటి క్యూఆర్ కోడ్ మీద వేరే స్టిక్కరు అంటించడం. క్యూఆర్‌ను గాజు లోపల పెట్టి, పొద్దున తెరవగానే సొంత ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూస్తారు. టోకు వర్తకులకు ఇంతకంటే పెద్ద దెబ్బ సూరత్ మిల్లు పేరుతో వచ్చే "మా బ్యాంకు ఖాతా మారింది" అన్న మెసేజి. పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి గొంతు పోల్చుకున్నాకే కొత్త ఖాతాకు పంపాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెయ్యాలి. లావాదేవీ 12 అంకెల నంబరు, వేళ, మొత్తం చేతిలో ఉంచుకుని. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకకముందు ఆపగలిగితేనే తిరిగొస్తుంది. మేనల్లుణ్ణి అడిగి, బ్యాంకుకు వెళ్లి, సాయంత్రం ఫోన్ చేస్తే అది అప్పటికే నాలుగు ఖాతాలు మారి ఉంటుంది.

పాత ఫోన్లు కొనే కొట్లు ఈ వీధి చివర రెండున్నాయి. దొంగ ఫోన్ కొంటే తామే ముద్దాయిలవుతామని వాళ్లకు భయం ఉంది, సరైన దారి చూపించాలి అంతే. *#06# నొక్కి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) తీసి, కేవైఎం అని, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ పరిస్థితి తెలుస్తుంది. అమ్మినవాడి గుర్తింపు కార్డు నకలుతో పాటు ఆ జవాబు కూడా పుస్తకంలో రాసుకుంటున్నారు.

దసరా

ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులప్పుడు, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, వన్‌టౌన్ జనసంద్రం అవుతుంది. భక్తుల క్యూలు, ట్రాఫిక్ మళ్లింపులు. ఆ రోజుల్లో స్టేషన్ సిబ్బంది బందోబస్తుకు వెళ్తారు. అంటే రద్దీ అత్యధికంగా ఉన్న రోజునే బీటు అతి పలచగా ఉంటుంది. భవానీ దీక్షల విరమణప్పుడూ ఇదే. దీన్ని ముందే ఒప్పుకుని ప్రణాళిక వేసుకోవడం ఈ కేసులో మెచ్చుకోవాల్సిన సంగతి. పోలీసులు ఇంతమందిని ఇస్తామని మాట ఇవ్వలేదు, సంఘం అడగలేదు. ఆ పది రోజులూ పెద్ద నగదు లావాదేవీలు పొద్దున్నే ముగించారు, లోడింగ్ రాత్రి ఎనిమిది తర్వాతకు మార్చారు, కాపలాదార్లను పెంచారు. వాలంటీర్లకు మెరిసే జాకెట్లు, విజిళ్లు ఇచ్చారు. లాఠీలు ఇవ్వలేదు.

డబ్బు, కాపలా, బదిలీలు

కాపలాదార్లను లైసెన్సున్న ఏజెన్సీ నుంచే తీసుకున్నారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. అక్కడ పనిచేసేవాళ్ల పూర్వాపరాల తనిఖీ బాధ్యత ఏజెన్సీది. కాపలాదారు తిరిగాడో లేదో తెలియడానికి బీటు పోలీసులు సంతకం చేసే పాయింట్ బుక్ పక్కనే అతనికీ ఒక పుస్తకం వేలాడదీశారు. ఇద్దరి సంతకాల వేళలు నెలకోసారి సరిపోల్చుతారు. ఇద్దరూ పన్నెండింటికే వచ్చి, రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ రాకపోతే అది అక్కడ కనిపిస్తుంది. షట్టర్లు ఎత్తేది ఎక్కువగా ఆ వేళలోనే.

డబ్బు విషయంలో ఒకే సూత్రం: సంఘం ఏ రూపాయీ స్టేషన్ చేతికి ఇవ్వదు. పరికరాలు సంఘం కొంటుంది, సంఘం పేరనే ఉంటాయి, స్టేషన్‌కు చూసే వీలు ఇస్తుంది. కొన్న రోజు ఫోటోలకు అందరూ వస్తారు, ఏడాది తర్వాత కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర ఇలాంటి ఏర్పాట్లు చాలా చోట్ల ఆగిపోతాయి. తొలి ఖర్చులో ఆరో వంతు ప్రతి ఏడాదీ నిర్వహణకు కావాలన్న అంచనాతో నెలవారీ చందా నిర్ణయించి, ఆ చందాను కొట్టు అద్దెతో పాటే వసూలు చేస్తున్నారు. కొట్టు వెడల్పును బట్టి చందా. చిన్న కొట్లు పెద్ద కొట్లతో సమానంగా కట్టాలన్న తొలి ప్రతిపాదనకు సగం వీధి అడ్డం తిరిగింది, న్యాయంగానే.

సీఐ బదిలీ అయినప్పుడు మొత్తం మళ్లీ మొదటికి రావడం ఇంకో ప్రమాదం. దానికి ఒక పేజీ కాగితం ఉంది. కెమెరాల పటం, బాధ్యుల ఫోన్ నంబర్లు, నడుస్తున్న కేసుల ఎఫ్ఐఆర్ నంబర్లు, గ్రూపు నియమాలు, తేలని విషయాలు. కొత్త అధికారి చేరిన వారంలో సంఘం కార్యదర్శి ఆ కాగితం పట్టుకుని వెళ్తాడు. శాలువా, దండ ఉండవు.

తేలనిది: మిద్దెలు

పాత కట్టడాలు కాబట్టి మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వీధి మొనలో ఒక మెట్లదారి దొరికితే రాత్రంతా తీరిగ్గా ఇరవై కొట్ల నెత్తిన నడవచ్చు. మెట్ల తలుపులకు తాళాలు వెయ్యమని స్టేషన్ మొదట సూచించింది. కానీ ఇవి బట్టల గోడౌన్లు. నిప్పు అంటుకుంటే పై అంతస్తుల్లో ఉన్న కూలీలకు, కుటుంబాలకు తప్పించుకునే దారి ఆ మెట్లే. తాళం వేస్తే దొంగ ఆగుతాడు, మనుషులు చనిపోతారు. లోపలి నుంచి చెవి లేకుండా తోస్తే తెరుచుకునే, బయటి నుంచి తెరుచుకోని అడ్డగడియ తలుపులు, తెరవగానే మోగే గంట, ఇది మధ్యేమార్గం. వీధిలో చాలా కట్టడాలకు అవి పెట్టారు. మూడింటికి మాత్రం ఇంకా లేవు. వాటి యజమానులు హైదరాబాద్‌లోనూ విదేశాల్లోనూ ఉన్నారు, వారసుల మధ్య కోర్టు తగాదాలు నడుస్తున్నాయి, అద్దెకున్నవాళ్లు తలుపు మార్చే హక్కు తమకు లేదంటున్నారు. అప్పటిదాకా ఆ మూడు మెట్లదారుల దగ్గర కాపలాదారు రాత్రి రెండింటికి, మూడున్నరకు పుస్తకంలో సంతకం చేస్తున్నాడు.